పది నిమిషాల భోజనం

ఫిట్టరుకి ఉద్యోగం పర్మినెంటై, నీలం చొక్కా వచ్చి ఆరు నెలలైంది గానీ, నోటికి మాత్రం ఆ కబురింకా అందలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో తిండికి నీలం చొక్కాలకి అరగంట, కాంట్రాక్టు వాళ్ళ పసుపు చొక్కాలకి పది నిమిషాలు. పదేళ్ళ అలవాటు కొద్దీ అతను గబగబా మింగేసి, మిగతా ఇరవై నిమిషాలూ ఖాళీ కంచంలో వేలితో గీతలు గీస్తూ ముళ్ళమీద ఉన్నట్టు కూర్చుంటాడు. ఇవాళ పక్కనున్న సీనియరు పసుపు చొక్కాల బల్లకేసి చూసి, "ఎలా ఎగబడుతున్నారో చూడవయ్యా, కరువులోంచి వచ్చినట్టు!" అన్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఫిట్టరే. ఆ బల్ల దగ్గరున్న అతని బావమరిది తలెత్తి చూశాడు. అంతలో పది నిమిషాలూ అయిపోయాయని పసుపు చొక్కాల గంట మోగింది. నవ్వు మొహం మీద ఉండగానే, కంచం పట్టుకుని అందరికన్నా ముందు లేచిందీ ఫిట్టరే.

"కూర్చో బావా," అన్నాడు బావమరిది. "ఆ గంట మాది."