బూజు వదిలించిన బూట్లు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు జూన్‌లో అరుణాచల్ కొండ మీది మిలిటరీ పోస్టుకు చేరాం. రోడ్డు ఆగిన చోటి నుంచి ఎనిమిది గంటల నడక. దారంతా వాన. మాది చౌటుప్పల్, మగ్గం నేసే ఇల్లు. మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది ఆత్మకూర్ దగ్గర గొర్లు కాచే ఇల్లు. అక్కడ నాతో తెలుగు మాట్లాడేవాడు అతనొక్కడే.

వారం తిరిగేసరికి బెల్టులు, బూట్లు, తుపాకీ పట్టీలు తెల్లగా బూజెక్కాయి. పై అధికారి తనిఖీకి వస్తున్నాడు, తోలు సామానంతా శుభ్రం చేయమని హవల్దారు ఆర్డరిచ్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, బంకరు బయట పొడి బ్రష్షుతో దులిపాం. సిర్కాలో, అంటే వెనిగర్‌లో, సగం నీళ్లు కలిపి, గుడ్డ ముంచి పిండి తుడిచాం. పొయ్యి దగ్గర పెడితే తోలు పగులుతుంది. నీడన గాలికే ఆరాలి. ఆ వానలో ఏదీ ఆరేది కాదు.

సెలవులో ఉన్న మా మేజరు గారి స్వేడ్ బూట్లు నాకు పడ్డాయి. నూగు తోలు, నీళ్లు తగిలితే మరక. మెత్తని బ్రష్షుతో రుద్ది, గుడ్డకు స్పిరిట్ అద్ది పైపైన తుడిచాను. ఆ స్పిరిట్ మందులపెట్టెలోది.

అప్పుడే ఆపరేటర్‌కు జ్వరం పట్టింది. నాలుగో రోజుకు మాట తడబడింది. దవాఖానకు దించకపోతే బతకడని మందులిచ్చే జవాను చెప్పాడు. హవల్దారు సెట్టు ముందు కూర్చుని హెలికాప్టర్ అడిగాడు.

“మబ్బు కమ్మింది. ఇవాళ రాదు. ఓవర్.”

ఆపరేటర్ విన్నాడు. “ఫికర్ జెయ్యకు. రేపొస్తది,” అని నాకే ధైర్యం చెప్పాడు. సాయంత్రానికి పోయాడు.

మర్నాడు అదే మబ్బులో హెలికాప్టర్ వచ్చింది. తనిఖీ అధికారి దిగాడు. మా బూట్లు మెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆపరేటర్‌ను ఆయన వెనక పడుకోబెట్టి పంపాం.

అతని రెండో జత బూట్లు పోస్టులో మిగిలాయి. పట్టిన బూజు పట్టినట్టే తుడుస్తూ, పోస్టింగ్ ముగిశాక నేనే తెచ్చాను. జడ్చర్లలో బస్సు మారి ఆత్మకూర్ వెళ్లాను.

అతని బాపు గొర్లను దొడ్డికి తోలి వచ్చాడు. దవాఖానకు ఎందుకు దించలేదని అడిగాడు. మబ్బు సంగతి చెప్పాను. మర్నాటి సంగతీ చెప్పాను. ఆయన బూట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కొత్తయి లెక్కున్నయి గద బిడ్డా. మావోడు గీటిని తొడిగిండా?”

తొడిగాడన్నాను.

యుద్ధం చూశావా అని ఇక్కడ అందరూ అడుగుతారు. నాకు కళ్ల ముందు ఆయనే ఉంటాడు. మణికట్టు దాటేదాకా చెయ్యి బూటులోకి పోనిచ్చి, కొడుకు కాలివేళ్లుండే జాగాలో తడుముతూ.