వరలక్ష్మమ్మ గారి మల్లెపాదు

భిలాయి సెక్టర్ 6లో మా గోడ అవతలి క్వార్టర్ వరలక్ష్మమ్మది. ఆవిడ మల్లెపొదను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఫ్యాక్టరీ దుమ్ము పడుతున్నా ఆకులు కళకళలాడుతూ ఉండేవి, పువ్వులు మాత్రం వేసవి మొత్తానికీ గుప్పెడు. మాది విజయనగరం. మల్లె సంగతి మాకు ఒకరు చెప్పక్కర్లేదు. చలికాలంలో నీళ్ళు మాన్పించి ఎండగట్టాలి, ఆకు దూసెయ్యాలి, కొమ్మలు కత్తిరించాలి. ఇక చచ్చిందేమో అనిపించాక నీళ్ళు పెడితే అప్పుడు విరగబూస్తుంది. ఏటా చెప్పేదాన్ని. ఆవిడ ఏటా తలూపేది. మర్నాడు పొద్దున్నే బకెట్టుతో మళ్ళీ పాదు దగ్గర తయారు.

"మొక్కని పెంచుతున్నావా, మేపుతున్నావా వదినా?" అని వెక్కిరించేదాన్ని. నవ్వి ఊరుకునేది.

1994 డిసెంబరులో ఆవిడే మా ఇంటికొచ్చింది. భర్త గోవిందరావు గారికి ఏప్రిల్ నెలాఖరుకి రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వైశాలి నగర్‌లో మేడమీద రెండు గదులు చూసుకున్నారు. అక్కడ పిడికెడు మట్టి లేదు.

"ఈ ఒక్క ఏడూ బాగా పూయించాల కనకం. మా రోహిణి ఫొటోకి నిండుగా ఒక్క దండ ఎయ్యాల. నువ్వేటి చెయ్యమంటే అది చేస్తాను," అంది.

రోహిణి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. మేం ఈ ఊరు రాకముందే, ఐదేళ్ళ వయసులో పోయిందట. ఆ ఏడాదే ఈ మల్లెను నాటారు. అంతవరకే నాకు తెలుసు.

నెల్లాళ్ళు చుక్క నీరు పొయ్యకూడదని ఒట్టు వేయించుకున్నాను. "నేను చూసుకుంటానమ్మా," అన్నారు గోవిందరావు గారు.

వారం బాగానే గడిచింది. రెండో వారానికి ఆకు వడిలింది. ఎదురింటి హిందీ ఆవిడ చూసి "సూఖ్ గయా దీదీ, ఉఖాడ్ దో" అంది. ఎండిపోయిన దాన్ని పీకెయ్యక ఇంకా ఎందుకుంచారని ఆవిడ ఉద్దేశం. వరలక్ష్మమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత కూడా సరిగ్గా తినేది కాదు. గుమ్మంలో కూర్చుని మొక్కనే చూసేది.

"మొక్కకి లేని బాధ నీకేటి వదినా?" అని కసిరాను.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం వాళ్ళ పెరట్లో కేకలు వినిపించి పరిగెత్తాను. నీళ్ళ బకెట్టును ఆవిడ లాగుతోంది, ఆయన వదలడం లేదు.

"పొయ్యకే! ఇంకా పన్నెండు రోజులే. ఓర్చుకో!"

"అప్పుడూ ఇదే మాటన్నారు!" అని అరిచింది వరలక్ష్మమ్మ. "వాంతులూ విరేచనాలూ అవుతుంటే నీళ్ళిస్తే ఎక్కువైపోతాదని మీ అమ్మా, మీరూ అన్నారు. అమ్మా నీళ్ళు, అమ్మా నీళ్ళు అని నా కొంగు నోట్లో పెట్టుకుని చీకింది పిల్ల. నేను గ్లాసు అందకుండా పైన పెట్టేశాను. ఓర్చుకో తల్లీ అన్నాను. ఒంట్లో నీరంతా పోయింది, చుక్క పట్టకపోయారా అన్నాడు డాక్టరు. నా చేతుల్తో నేనే ఎండగట్టి చంపుకున్నాను."

పదేళ్ళుగా ఎవరిని వెక్కిరించానో అప్పుడు తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాను.

గోవిందరావు గారు బకెట్టు వదిలేశారు. ఆవిడ మొత్తం ఒక్కసారే కుమ్మరించేసింది. నెర్రెలిచ్చిన పాదు చూస్తుండగానే పీల్చేసుకుంది. ఇక ఈ ఏడు దండకి సరిపడా పూలు రావని ముగ్గురికీ తెలుసు. మళ్ళీ ఏడాదికి ఈ పెరడు వాళ్ళది కాదు. ఆవిడ అక్కడే మట్టిలో కూలబడి ఏడుస్తోంది.

ఆయన ఖాళీ బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళారు. నింపుకొచ్చి, పాదు పక్కన గొంతుక్కూర్చుని, దోసిలితో కొంచెం కొంచెంగా పోయసాగారు.

"తాగమ్మా," అన్నారు. "నెమ్మదిగా తాగు. నేనే, నాన్నని."