అన్నిటికంటే ముందు అమ్ముడైన చీర

నా కాపురం పదకొండు నెలలు సాగింది. తర్వాత ఏలూరులో ఒంటరి ఆడవాళ్ళకి ఆసరా ఇచ్చే ఒక ఇంట్లో తలదాచుకున్నాను. అక్కడుండే బీఈడీ పూర్తిచేశాను. తాడేపల్లిగూడెంలో టీచరుగా చేరాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఎవరైనా అడిగితే అమ్మ, "అల్లుడికి దూరంలో ఉద్యోగమండీ" అని చెప్పేది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. ఏలూరులోని ఆ ఇంటికి కుట్టుపని నేర్పే గది ఒకటి కట్టాలనుకున్నారు. బీరువాల్లో ఊరికే పడున్న పెళ్ళిబట్టలు ఇమ్మని తెలిసినవాళ్ళందర్నీ అడిగి, అక్కడి చర్చి హాల్లో అమ్మకం పెట్టారు. నేనూ నా పెళ్ళి పట్టుచీర తీసుకెళ్ళాను. మామిడిపండు రంగు, ఎర్రంచు. అమ్మ కూడా వచ్చింది.

బట్టలు సర్దుతున్న పెద్దావిడ నన్ను పక్కకి పిలిచారు. "ఏమీ అనుకోకండమ్మా. కొనేవాళ్ళు పెళ్ళికూతుళ్ళు కదా. మీ చీర లోపల పెట్టేద్దామండీ."

"వద్దండీ. నేనే అమ్ముతాను" అని చీర తీసుకుని గుమ్మం పక్కనే కూర్చున్నాను.

ముందుగా వచ్చింది కొల్లేటి లంక నుంచి ఒక తల్లీ కూతురూ. తల్లి ఏలూరు మార్కెట్లో చేపలమ్ముతుంది. కూతురు తిన్నగా నా చీర మీదే చెయ్యేసింది.

"ముందే చెప్తున్నానండీ," అన్నాను. "ఈ చీర నాదే. నా కాపురం నిలవలేదు. నేనే వచ్చేశాను."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఇప్పుడేం చేస్తున్నారండీ?"

"బడిలో టీచర్నండీ. మా అమ్మని నేనే చూసుకుంటున్నాను."

ఆవిడ కూతురి వైపు తిరిగింది. "టీచరుగారి చీరంట. కట్టుకుంటావా?"

ఆ పిల్ల అప్పటికే పమిట భుజాన వేసుకుని, అద్దం ఎక్కడుందా అని చూస్తోంది.

అన్నిటికంటే ముందు అమ్ముడైంది నా చీరే! వాళ్ళు వెళ్ళాక ఆ పెద్దావిడ నా పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, "మిగిలినవీ మీరే అమ్మిపెట్టండమ్మా" అన్నారు. సాయంత్రానికి ఒక్క చీరా మిగల్లేదు. ఆ ఏడాదే గది లేచింది. ప్రారంభం రోజున రిబ్బను నాచేతే కత్తిరింపించారు.

కానీ నాకు అంతకంటే బాగా గుర్తున్నది అమ్మకం నాటి తిరుగుప్రయాణమే. బస్సులో పక్కసీటావిడ అమ్మని, "అల్లుడుగారేం చేస్తారండీ?" అనడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"అల్లుడు లేడండీ," అంది అమ్మ, బస్సంతా వినిపించేలా. "ఇదిగో, మా అమ్మాయి. టీచరు. ఇవాళ ఏలూరులో ఏం చేసొచ్చిందో చెప్తా వినండి."