పడవల సొరంగం ఉన్న చోట

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. నమ్మితే మా పనిలో బతకలేం. మాది దూదేకుల కుటుంబం. పరుపులు, దిండ్లు కుట్టడం తాతల నాటి నుంచి మా వృత్తి. ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఆ మనిషి పడుకున్న పరుపు నేరుగా మా అంగడికే వస్తుంది. గుడ్డ విప్పి, దూది తీసి, ఎండబెట్టి, ఏకి, కొత్త గుడ్డలో కూరి ఇస్తాం. ఆ దూది కుప్ప మీదే మధ్యాహ్నం కునుకు తీస్తాం. దయ్యాలనేవి ఉంటే ఈపాటికి మా వంశంలో ఒక్కరూ మిగిలి ఉండేవాళ్లు కాదు.

అంగడికి వచ్చినవాళ్లు అలాంటి కథలు మొదలుపెడితే ముందుగా నవ్వేది నేనే. ఇప్పుడు నవ్వడం లేదు. అట్లని నమ్ముతున్నానా అంటే అదీ చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అనంతపురం బయట, రాళ్ల గుట్టల పక్కన ఒక థీమ్ పార్కు ఉండేది. పరుపుల పని తగ్గిపోయాక నేనూ మా తమ్ముడు దస్తగిరీ రెగ్జిన్ సీట్లు కుట్టడం మొదలుపెట్టాం. ఆటోలకు, ఆసుపత్రి బల్లలకు, ఆ పార్కులోని ఆటలకు మేమే కుట్టేవాళ్లం. అందరూ ఆ ఆటలను పేర్లతో గుర్తుపెట్టుకుంటారు, నాకు సీట్ల రంగులే గుర్తు. బొమ్మ రైలుకు ఎరుపు. గొంగళిపురుగు బండికి ఆకుపచ్చ. ఊగే ఓడకు ముదురు గోధుమ రంగు, ఎన్నిసార్లు మార్చినా పిల్లకాయలు గోళ్లతో గీకి దాన్ని పాడుచేసేవాళ్లు. పడవలకు నీలం.

ఆ పడవలే అందరికీ ఇష్టం. సిమెంటుతో గుట్టలాగా కట్టి, లోపల సొరంగం చేసి, మోకాలి లోతు నీళ్లు పారించేవాళ్లు. పడవలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా లోపలికి పోయి అవతలి వైపు బయటపడేవి. లోపల రంగు బల్బులు, నోరు తెరిచిన సిమెంటు మొసలి. అంతకు మించి ఏమీ లేదు. కానీ వానకు మొహం వాచిన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు పడవ ఎక్కడమే పెద్ద సంబరం.

రంజాన్ మరుసటి రోజు మావాళ్లంతా పార్కులకు పోవడం రివాజు. ఆ ఏడాదే దస్తగిరికి పెళ్లయింది. మరదలు మస్తానమ్మది ముదిగుబ్బ. అందరం కలిసి పార్కుకు పోయాం. వాళ్లిద్దరూ ముందు పడవలో, నేను వెనక పడవలో కూర్చున్నాం. సగం దూరం పోయాక కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఎవరి బిడ్డో ఏడుపు మొదలుపెట్టింది. మస్తానమ్మ భయపడి దేవుణ్ణి తలచుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది.

అప్పుడు దస్తగిరి నోటితో ఒక శబ్దం చేశాడు. డుంయ్, డుంయ్, కాసేపు ఆగి మళ్లీ డుంయ్, చివర గొంతు సవరించుకున్నట్టు హ్హుం. అది మా నాయన దూది ఏకే విల్లు చప్పుడు. యంత్రాలు రాకముందు పొద్దున లేస్తే మా ఇంట్లో వినపడేది అదే. దూది నలుసులు గొంతులో పడి నాయన మధ్యమధ్య అలా సవరించుకునేవాడు. దస్తగిరి ఆ గొంతు సవరింపుతో సహా దించేశాడు. సొరంగంలో అది మారుమోగింది. ఏడ్చే బిడ్డ కూడా నవ్వింది. మస్తానమ్మ అయితే కరెంటు వచ్చాక కూడా నవ్వుతూనే ఉంది.

ఆ ఏడాది గడవక ముందే దస్తగిరి పోయాడు. పెళ్లివాళ్ల పరుపులు దింపడానికి యాడికి అనే ఊరికి పోయాడు. తిరిగి వస్తుంటే ఆటో బోల్తా పడింది. అప్పటికి మస్తానమ్మ కడుపుతో ఉంది. రేష్మా పుట్టేసరికి వాళ్ల నాయన లేడు.

ఆ పిల్లకు నాయన ఫోటోలు ఉన్నాయి, పెళ్లి నాటివి. గొంతు మాత్రం లేదు. అప్పట్లో మా చేతుల్లో ఉన్నవి మీటలు నొక్కే ఫోన్లు. మాటలు వచ్చినప్పటి నుంచీ రేష్మా అడిగేది ఒకటే ప్రశ్న, మా నాయన గొంతు ఎట్లుండె అని. గొంతును ఎట్లా చెప్తాం? మస్తానమ్మ ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా పడవల సొరంగం కథ చెప్పేది. చీకటి పడింది, నేను భయపడితిని, మీ నాయన నవ్విచ్చినాడు అని ముగించేది. ఎలా నవ్వించాడో చెప్పేది కాదు. ఆ శబ్దం చేయబోతే ఏడుపు వచ్చేస్తుందని, అందుకే ఆ ముక్క వదిలేస్తానని నాతో ఒకసారి అంది. మా ఇంట్లో ఇంకెవరూ దాని ఊసెత్తలేదు. మా నాయన రేష్మా పుట్టకముందే పోయాడు, ఆ విల్లు కూడా ఏ పాత సామాన్లవాడికో పోయింది.

తర్వాత వరసగా వానలు తప్పాయి. పార్కులో ముందు ఎండిపోయింది పడవల కాలువే. నీలం సీట్లు ఎండకు పగిలి దూది బయటపడితే చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఆపైన పార్కే మూతపడింది. కొన్నేళ్లకు ఎవరో కొని, అంతా బాగుచేసి మళ్లీ తెరిచారు. రోడ్డు మీద పెద్ద బోర్డు చూసినప్పటి నుంచి రేష్మా ఒకటే పోరు, పడవల సొరంగం చూపించమని. రంజాన్ మరుసటి రోజు నేనూ, మస్తానమ్మా, ఆ పిల్లా బయలుదేరాం.

లోపల మాకు తెలిసింది ఒక్కటీ మిగల్లేదు. రైలు లేదు, ఓడ లేదు. ఎటు చూసినా ప్లాస్టిక్ రాక్షసబల్లులు, ఫోటోలు దిగడానికి పెద్ద పెద్ద రెక్కల బొమ్మలు. మస్తానమ్మ తప్పిపోయిన మనిషిని వెతికినట్టు వెతికింది. చివరికి గార్డును అడిగింది. చిన్న వయసువాడు, కొత్తగా చేరినట్టున్నాడు.

"ఈడ పడవలా? నీళ్లు యాడివక్కా? తాగనీకే ట్యాంకరు వస్తాండాది" అన్నాడు.

రేష్మా వాళ్లమ్మ చెయ్యి విడిపించుకుంది. "లేదంట కదమ్మా. అన్నీ నువ్వు కల్పిచ్చి చెప్తాండావు. నాయన కత కూడా అంతే."

మస్తానమ్మ మొహం చూడలేకపోయాను. ఆ పడవల సీట్లు కుట్టింది నేనేనని చెప్పాను. పిల్ల నమ్మలేదు, అమ్మ తరఫున మాట్లాడుతున్నాననుకుంది. పార్కు బయటి రాళ్ల గుట్ట మీది సెల్ టవరును ఆనవాలు పట్టి, వాళ్లను సొరంగం ఉన్న చోటికి తీసుకుపోయాను. సొరంగం ఉన్న సిమెంటు గుట్టను పడగొట్టి, చదును చేసి, టైల్స్ పరిచారు. రేష్మా అలిగి ఆ టైల్స్ మీదే మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. పక్కనే మస్తానమ్మ బిర్యానీ డబ్బా మూత తీస్తోంది. నేను వాళ్లిద్దరి ఎదుట నిలబడి ఉన్నాను.

పట్టపగలు, చుట్టూ జనం. నాకు ఎక్కడి నుంచో డుంయ్, డుంయ్ అని సన్నగా వినిపించింది. ఏదో మోటారు అనుకున్నాను. రేష్మా తల ఎత్తి అటూ ఇటూ చూసింది. తర్వాత అరచెయ్యి నేల మీద ఆనించి అలాగే ఉండిపోయింది. మస్తానమ్మ మాత్రం అన్నం చల్లారిపోతుంది, తినండి అంటోంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రేష్మా నా వైపు వంగింది.

"పెద్నాయనా, ఆడ నేల కింద వచ్చింది ఏం సప్పుడు?" అని, నోటితో చేసి చూపించింది. డుంయ్, డుంయ్, ఆగి మళ్లీ డుంయ్. చివర హ్హుం.

నాకు ఆ చివరి గొంతు సవరింపు వినపడలేదు. ఆ పిల్లకు వినపడింది. మా నాయనను గానీ దస్తగిరిని గానీ విననివాళ్లకు అది తెలిసే దారే లేదు. మస్తానమ్మ పిల్ల రెండు భుజాలు పట్టుకుని, ఎవురు నేర్పిచ్చినారు నీకు అని అడిగింది. ఎవరూ నేర్పలేదంది పిల్ల. వాళ్లమ్మ మళ్లీ చెయ్యమంది. ఊరు వచ్చేదాకా చేయిస్తూనే ఉంది. కండక్టరు మమ్మల్ని వింతగా చూశాడు.

అంత తేలిగ్గా నమ్మే రకం కాదు కాబట్టి తర్వాత ఒక్కణ్ణే మళ్లీ పోయాను. అక్కడి పనివాళ్లను అడిగాను. ఆ దగ్గర్లో మోటారు లేదు, నేల కింద పైపు కూడా లేదన్నారు. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. బంధువుల్లో ఎవరైనా నేర్పారేమోనని ఆరా తీశాను. ఎవరికీ అది గుర్తు కూడా లేదు.

రేష్మా ఇప్పుడు నాయన గొంతు గురించి అడగడం మానేసింది. చదువుకుంటూ చదువుకుంటూ తనలో తాను డుంయ్ డుంయ్ అనుకుంటుంది. పిల్ల మొహంలో వచ్చిన నిమ్మళం చూస్తే నాకు సంతోషమే.

మస్తానమ్మ మాత్రం ఆ పార్కులోనే ఊడ్చే పనికి చేరింది. అంగట్లో నాతోపాటు దిండ్లు కుట్టుకోమన్నా వినలేదు. సొరంగం ఉన్న వైపే తనకు ఇమ్మని అడిగి తీసుకుందట. మొన్న అటు పోయి చూశాను. జనం లేరు, ఎర్రటి దుమ్ము లేస్తోంది. చీపురు పక్కన పెట్టి, టైల్స్ మీద చెవి ఆనించి పడుకుని ఉంది. నన్ను చూసి సిగ్గుపడుతూ లేచి కూర్చుంది, కొంగుతో చెంప తుడుచుకుంది.

"బిడ్డకు ఇనిపిచ్చింది, నీకు ఇనిపిచ్చింది. పక్కనే ఉంటి కదా బావా, నాకెందుకు ఇనపడల్యా?"

ఆ చప్పుడు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పటికైనా తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. కానీ ఎవరైనా చెప్పగలిగితే నేను ముందు అడిగేది దాని గురించి కాదు, మస్తానమ్మ అడిగిన దాని గురించే.