తెల్లరంగు పూసిన కడ్డీలు

పుదుచ్చేరి రేవు పక్క ఉక్కు యార్డులో చెంగల్రాయన్ చెవికి పెద్ద పేరు. లావు కడ్డీలను మందం ప్రకారం వేరు చేసి, ఒక్కొక్కదాన్నీ సుత్తితో కొట్టి వినేవాడు. ఖంగుమంటే మంచిది, కొసకు తెల్లరంగు. బొంగురుగా మోగితే లోపల పగులున్నట్టు, ఎర్రరంగు. తెల్లవాటినే కట్టలు కట్టి, తీగ బిగించి గూడ్సు బండికెక్కిస్తారు.

ఆ చెవులు రెండేళ్ల కిందటే మూతపడ్డాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారే, ఇక్కడ ఊదేవాడే చెవిటివాడు! ఆ గుట్టు తెలిసింది జోడీ వీరాసామి ఒక్కడికే. అతను కడ్డీ అవతలి కొసన నిలబడి, మంచిదైతే వేలెత్తేవాడు, చెడ్డదైతే పిడికిలి బిగించేవాడు. మిగతావాళ్ల మాటలు చెంగల్రాయన్ పెదవులు చూసి అందుకునేవాడు.

పోయిన నెల వీరాసామి జ్వరంతో పోయాడు. ముత్తియాల్‌పేటలో చెంగల్రాయన్‌కు ఇంటినిండా తినే నోళ్లే. అందుకని ఎవరికీ చెప్పకుండా, చేతికి తోచినట్టు తెల్లరంగు పూసుకుంటూ పోయాడు.

జెండా మారింది కదా, ఫ్రెంచివాళ్ల నాటి పనివాళ్లలో ఎవరిని ఉంచాలో తేల్చడానికి యానాం నుంచి బాపిరాజు అనే ఆఫీసరు వచ్చాడు. ఓ సాయంత్రం పది కడ్డీలు వరుసగా పేర్పించాడు.

"కొట్టండి పెద్దాయనా, మీ చెవి సంగతి చూద్దామండి."

చెంగల్రాయన్ మొదటిదాన్ని కొట్టాడు. అవతలి కొసన వీరాసామి నిలబడి ఉన్నాడు. అదే చిరిగిన బనీను. ఏటవాలు ఎండలో అందరి నీడలూ సాగి ఉన్నాయి, అతనికి మాత్రం నీడ లేదు. మెల్లగా వేలెత్తాడు. చెంగల్రాయన్ చూపు తిప్పుకోలేకపోయాడు. అయినా తెల్లరంగు పూశాడు. ఏడోదానికి పిడికిలి, మిగతా అన్నిటికీ వేలు.

ఏడోదానిలోనే పగులుందని బాపిరాజుకు ముందే తెలుసు. భేషని భుజం తట్టాడు. ఉద్యోగం నిలిచింది.

వీరాసామి మాత్రం అక్కణ్ణించి వెళ్లిపోలేదు. బయల్దేరబోతున్న గూడ్సు బండి దగ్గరికి నడిచాడు. నెలరోజులుగా చెంగల్రాయన్ ఒక్కడే రంగు పూసిన కట్టలన్నీ అందులోనే ఉన్నాయి. ఎక్కడో ఓ బడి మిద్దెకు పోతున్నాయి. వీరాసామి ఒక కట్ట ముందు ఆగి పిడికిలి బిగించాడు. తర్వాతి కట్ట ముందూ అంతే. ఆ తర్వాతదాని ముందూ అంతే. ముఖంలో కోపమైనా లేదు, అదే చెంగల్రాయన్‌ను భయపెట్టింది.

గార్డు పచ్చజెండా విప్పాడు. చెంగల్రాయన్ పరుగెత్తి పట్టాలకు అడ్డంగా నిలబడ్డాడు.

"సారూ, బండి ఆపండి! నాకు చెవులు యాడ ఇనిపిస్తాయి? వీరాసామి పోయినాక నేను పూసిందంతా గుడ్డిగా పూసిందే. ఈ కమ్ముల్తో మిద్దె ఏస్తే పిల్లోళ్ల నెత్తిన పడతాది!"

బాపిరాజు దగ్గరికి వచ్చి ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియాలంటే ఆయన పెదవులు చూడాలి. చెంగల్రాయన్ తల ఎత్తలేకపోయాడు.