వంటమాస్టరు భోజనానికొస్తే

"నాకు బాగుంది నాన్నా. బాగుందని చెప్తున్నా కదా!"

"బాగుండటం వేరు తల్లీ. ఈ చేపను రెండోసారి వేడి చేశారు. అంచు చూడు, చెప్పుతోలులా..."

"చూడను. ఆకలేసి తింటున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, తినకముందే లెక్కపెట్టే మనిషిని నిన్నే చూశా."

పక్క బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్న నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆ అమ్మాయి నవ్వించడానికి అనలేదు.

"నిజం చెబితే తప్పా?" అన్నాడు తండ్రి.

"అమ్మ వండినన్నాళ్ళూ నువ్వు అన్నం తిన్నావా? మార్కులేశావు. ఉప్పు తొందరపడి వేశావన్నావు, ఉల్లిపాయ మాడిందన్నావు. ఆస్పత్రి మంచం మీద కూడా అమ్మ బాధేంటో తెలుసా? 'నేను పోతే ఈయనకి ఎవరి చేతి వంట నచ్చుతుందే' అని ఏడ్చింది."

ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు. అమ్మాయి సంచీ భుజాన వేసుకుంది.

"వచ్చే సోమవారం ఇంకొక్కసారి వస్తా. తిండి గురించి ఒక్క మాట వినపడిందా, లేచిపోతా. ఇక పిలవకు."

తలుపు దానంతటదే మూసుకుంది.

ఆయన్ని మేం మాస్టారు అంటాం. నదికి అవతల పెద్ద హోటల్లో వంటమాస్టరు. అక్కడిది నేల కింద ఉండే వంటిల్లు, కిటికీ లేదు. బయట వానో ఎండో వెయిటర్ల బూట్లు చూసి తెలుసుకుంటాడట. పని రోజుల్లో ఫ్రిజ్ పక్కన నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు మింగుతాడు. సోమవారం సెలవు. ఆ రోజు ఊళ్ళో ఎక్కడో ఒకచోట బల్ల ముందు కూర్చుని తింటాడు. రెండేళ్ళుగా ఎక్కువగా నేను వెయిటరుగా ఉన్న ఈ రెస్టారెంటులోనే.

ఒంటరిగా వచ్చేవాళ్ళకు చేతులు కడుక్కునే చోటు పక్కనున్న బల్ల ఇస్తాం. అది మా అలవాటు, మర్యాదేం కాదు. అందరూ మొహం ముడుచుకుంటారు. మాస్టారు మాత్రం అదే కావాలంటాడు, అక్కడికి మా వంటింటి చప్పుళ్ళు వినపడతాయని. పెనం కాలకముందే నూనె పోశారని వినే చెప్పేస్తాడు. మొదట్లో నాకు సరదాగా ఉండేది. తర్వాత ఒళ్ళు మండేది. ఎవరు మాత్రం ఆయన ఎదురుగా కూర్చుంటారు? పాత స్నేహితులొచ్చారు, ఒకసారి. తమ్ముడొచ్చాడు, ఒకసారి. ఆ తర్వాత ఎదుటి కుర్చీలో ఆయన కోటే కూర్చునేది.

ఇంట్లో వండుకోవచ్చుగా అని అడిగాను ఒకసారి.

"ఒక్కడికి వండటం రాదు. చెయ్యి నలభై మందికి అలవాటుపడింది. మొన్న సూపు పెడితే బిందెడైంది. పారబోశాను" అన్నాడు. భార్య పోయాక కూతురు ఆఫీసు దగ్గర గది తీసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఆ పెద్ద గిన్నెలూ ఆయనా మిగిలారు.

ఆ మధ్యాహ్నం కూతురు వెళ్ళిపోయాక లేస్తాడనుకున్నాను. లేవలేదు. ఆ పిల్ల ప్లేటు తన ముందుకు లాక్కుని, చల్లారిపోయిన చేపను ముల్లు తప్ప ఏమీ మిగలకుండా తిన్నాడు. ప్లేటు తీయడానికి వెళ్ళాను.

"బాగుందా మాస్టారూ?"

"రెండోసారి వేడి చేసిందే."

"మీ నోట్లో నువ్వుగింజ నానదండీ బాబూ! ఆ పిల్ల పోయిందిగా, ఇంకా ఎవరికి చెప్తున్నారు?"

నాకు మెత్తగా మాట్లాడటం రాదు. కాలేజీలోనూ అంతే, అందుకే మధ్యలో వచ్చేశాను. ఆయనకు కోపం రాలేదు. రుమాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"జనం తినేటప్పుడు ఏం మాట్లాడుకుంటారు?"

"అదేం ప్రశ్న?"

"నిజంగానే అడుగుతున్నా. ఇన్నేళ్ళు వండి పంపాను. తలుపవతల నుంచి ఖాళీ ప్లేట్లు వస్తాయి గానీ మాటలు రావుగా."

చెప్పాను. అద్దెలు, మేనేజర్లు, మోకాళ్ళ నొప్పులు, ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో. కొత్త వంటకం కొలతలు విన్నంత శ్రద్ధగా విన్నాడు.

"మరి తిండి గురించి?"

"ఫొటో తీసుకుంటారు. తర్వాత ఏం తిన్నారో వాళ్ళకే గుర్తుండదు."

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఖాళీ ప్లేటు నా వైపు జరిపాడు.

"మోకాళ్ళ నొప్పి నాకూ ఉంది" అన్నాడు. "అమ్మాయికెప్పుడూ చెప్పలేదు."

"అది చెప్పండి."

"చెప్తాను. కానీ ప్లేటు ముందుకొచ్చాక నా నోరు నా మాట వినదు. నీ కళ్ళతో నువ్వే చూశావుగా." కోటు తొడుక్కుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. అరచెయ్యంతా కాలిన మచ్చల గట్టిదనం. "సోమవారం నువ్వు పక్క బల్ల దగ్గరే ఉంటావా? నేను తిండి మాట ఎత్తబోతే ఒక చెంచా కింద పడెయ్యి. మా వంటింట్లో ఎంత గోలలోనైనా చెంచా పడితే నేను నోరు మూసి అటు తిరుగుతాను. అలవాటు."

"మా ఓనరు తిడతాడు."

"తిట్టనీ. గట్టిగా పడెయ్యి నాన్నా, మెల్లగా పడేస్తే నేను ఆగను."