గోనెసంచిలో డైనమో: తిరుమణి నుంచి హిందూపురం దాకా

కర్ణాటకలో పావగడ దగ్గరి తిరుమణి సోలార్ పార్కులో ఒక ప్లాంటు ఆఫీసుకు నేను మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదాని నకలు మీద వాళ్లు వేసిన ముద్ర ఇంకా చెరగలేదు. రెండోది తీసుకున్నాయన నన్ను కూర్చోమనలేదు. మూడోది తీసుకున్నాయన నా ఎదుటే దాని మీద టీ గ్లాసు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఈసారి నాలుగో అర్జీతో ఊరుకోక, చేసిన ప్రయాణాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆఫీసువాళ్లు చదవకపోతే వేరేవాళ్లయినా చదువుతారు.

నాకు ముప్పై ఏళ్ల నాటి జీపు ఒకటి ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. వెనక ఐదు వందల లీటర్ల ట్యాంకు కట్టి, రోజు విడిచి రోజు, మా ఊరి ఫిల్టరు దగ్గర నీళ్లు కొని పట్టి పార్కు అవతలి హట్టికి తీసుకుపోతాను. హట్టి అంటే గొర్రెల మందలవాళ్ల చిన్న పల్లె, పదకొండు ఇళ్లు. వాళ్ల బోరులో ఫ్లోరైడ్ నీళ్లు. మా అక్క ఆ ఊరి కోడలు. యాభై ఐదేళ్లకే మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుంటే గాని లేవలేదు. ఆ ఇళ్లలో పిల్లలకు కొత్తగా వచ్చిన పళ్లే గోధుమరంగు మచ్చలతో వస్తాయి.

హట్టికి పోయే బండిదారి రెండు కంచెల మధ్య నుంచి సాగుతుంది. సోలార్ ప్లేట్లు కడిగిన నీళ్లను ప్లాంటువాళ్లు ఆ దారిలోకే వదులుతారు. పల్లంలో అవి మోకాలి లోతున నిలుస్తాయి. జీపు దాటుతుంది. ఇబ్బందల్లా ఇంజను పక్కన బాగా కిందికి ఉండే ఆల్టర్నేటర్‌తోనే. బండి నడుస్తుంటే బ్యాటరీకి కరెంటు ఎక్కించేది అదే. మా వైపు డైనమో అంటారు. ఏడాదిలో రెండు పోయాయి. మొన్న సోమవారం మూడోది కూడా ఆగింది. డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగింది. ట్యాంకు నుంచి బిందెల్లోకి నీళ్లు తోడే చిన్న మోటారు బ్యాటరీ మీదే తిరుగుతుంది, అదీ నిలిచిపోయింది. ఆ రోజు నుంచి హట్టి ఆడవాళ్లు కంచె చుట్టూ తిరిగి మా ఊరికి బిందెలతో వస్తున్నారు. అక్క రాలేదు. బోరు నీళ్లే తాగుతోంది.

పావగడలో మెకానిక్ మోటారు లోడు వల్లే డైనమో కాలుతోందని, పెద్దది వేయమని అన్నాడు. ప్లాంటు సూపర్‌వైజరు ఇంకో అడుగు ముందుకు వేసి, జీపును మ్యూజియంలో పెట్టమని కన్నడంలో నవ్వుతూ అన్నాడు. ఆ మాట అన్నది మంగళవారం, పదకొండు గంటలకు, గేటు దగ్గర.

బుధవారం సాయంత్రం డైనమో విప్పి గోనెసంచిలో కట్టాను. గురువారం ఉదయం ఆరూ నలభైకి తిరుమణిలో షేర్ ఆటో ఎక్కాను. దారి పొడవునా రెండు వైపులా ప్లేట్లే, అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. కొత్తవాళ్లకు దూరం నుంచి చెరువులా కనిపిస్తుందట. మాకు అలా ఎప్పుడూ అనిపించలేదు. ఆ నేలల్లో వేరుశనగ వేసినవాళ్లం కదా.

ఏడున్నరకు పావగడ బస్టాండు. హోటల్లో మండక్కి ఒగ్గరణె, అంటే బొరుగుల తాలింపు, తిన్నాను. సరిహద్దు దాటితే దాన్నే ఉగ్గాని అంటారు, పక్కన బజ్జీ పెడతారు. బజ్జీ ఉన్నందుకు ఆంధ్రదే మేలు. ఎనిమిదింబావుకు హిందూపురం బస్సు. కిటికీ సీటు కావాలంటే పావుగంట ముందే ఎక్కాలి. కండక్టరు నా సంచిని కాలితో కదిపి చూశాడు.

"ఏందప్పా ఇది, తలకాయ మాదిరి ఉండాది?"

జీపు తలకాయేనన్నాను. లగేజి టికెట్టు కొట్టకుండా నవ్వుకుంటూ ముందుకు పోయాడు. ఆ రోజు నాతో మర్యాదగా మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

పదింటికి హిందూపురం. బస్టాండు నుంచి నడిచేంత దూరంలో, పాత జీపుల కరెంటు పని చేసే ఇమాం సాబ్ అంగడి ఉంది. అరవై దాటిన మనిషి. మెకానిక్ చెప్పినట్టే పెద్దది, అరవై ఐదు ఆంప్స్ డైనమో కావాలని చెప్పాను. ఆయన నా సంచి వైపు చూసి, పాతది విప్పకుండా కొత్తది అమ్మనన్నాడు. పావగడలో అంతవరకూ ఎవరూ దాన్ని విప్పి చూడలేదు. నేనూ విప్పలేదు. పైన కిరోసిన్ గుడ్డతో తుడిచానంతే.

నాలుగు బోల్టులు తీసి, సుత్తితో మెల్లగా తట్టి మూత లేపాడు. లోపల రాగి తీగల చుట్ట మధ్య మట్టి ఇటుకలా గట్టిపడి ఉంది. కరెంటు అందించే కార్బన్ ముక్కలు అందులో కూరుకుపోయి ఉన్నాయి. తీగ ఎక్కడా కాలలేదు. ఆయన స్క్రూడ్రైవరుతో ఆ మట్టిగడ్డను ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు.

"లోడుకు పోయింది కాదప్పా ఇది. నీళ్లలో మునిగి చచ్చిపోయింది. మీది పావగడ అంటివే, ఆడ ఇన్ని నీళ్లు యాడుండాయి?"

నేను చెప్పాను. మూడు అర్జీల సంగతితో సహా చెప్పాను. ఆయన పని ఆపకుండా విన్నాడు. పెద్ద డైనమో వేసినా మోటారుకు బలమే తప్ప నీళ్లకు మందు కాదని తేల్చేశాడు. అయినా అది కావాలన్నాను. కొత్తదాన్ని బెంచి మీద తిప్పి, బల్బు వెలిగించి చూపించాడు. తర్వాత ఒక రేకు కత్తిరించి వంచి, రెండు బెజ్జాలు వేసి, డైనమో కింద అడ్డుగా బిగించుకోమని ఇచ్చాడు. రేకుకు ఏమీ తీసుకోలేదు.

"దీంతో ఇంగ ఆర్నెల్లు ఎక్కువ బతుకుతాది. నీళ్లు ఆపల్లంటే నా అంగడికి వస్తే కాదు" అన్నాడు.

మట్టిగడ్డను కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆఫీసు బల్ల మీద, టీ గ్లాసు పక్కన పెట్టాలని. ఒంటిగంటకు రాగిముద్ద, పప్పు తిని, రెండున్నర బస్సు ఎక్కాను. మనసులో నాలుగో అర్జీకి వాక్యాలు కూర్చుకుంటుంటే ప్రయాణం తెలియలేదు.

నాలుగూ ఇరవైకి పావగడ. అక్కడ షేర్ ఆటోలో నా పక్కన నలభై ఏళ్ల ఆమె కూర్చుంది. ఆటో నిండేదాకా కదలదు, ఎండ దిగలేదు. ఆమె నీళ్లు తాగి, నా వైపు చూసి సీసా ఇచ్చింది. తాగాను. ఉప్పు లేదు, చేదు లేదు. ఏ ఫిల్టరులో కొన్నదో అడిగాను.

"కొనేదేందన్నా? ప్లేట్లు కడిగే నీళ్లే. నిన్న పని నుంచి వస్తా పట్టుకొస్తి."

ఆమె ప్లాంటులో ప్లేట్లు కడిగే కూలి. బోరు నీళ్లతో కడగరట. దానికి వేరే మిషను పెట్టి, ఉప్పంతా తీసిన నీళ్లు ట్యాంకులకు నింపుతారట.

"బోరు నీళ్లు పోస్తే ప్లేటుకు తెల్ల మచ్చ పడతాదంట. మచ్చ పడితే సారోళ్లు ఒప్పుకోరు" అంది.

సీసా ఎత్తి ఇంకో గుక్క తాగాను. ఆటో కదిలింది. తర్వాత ఆ నీళ్లు వదిలే దారిలోనే నా జీపు పోతుందని చెప్పాను. ఆమె తిరిగి నన్ను తేరిపార చూసింది.

"అర్జీల అన్నవి నువ్వేనా? నీ కాయితం వచ్చిన పొద్దు మేస్త్రీ మమ్మల్ని నిలబెట్టి తిట్టినాడు. నీళ్లు ఎక్కువ పోస్తాండారని ఇద్దరిని పనిలోంచి దించేసినాడు. కాయితం రాసేటోడివి పైనోళ్లకు తగిలేటట్ల రాయల్ల."

నా అర్జీని చదివారన్నమాట. ఇన్నాళ్లూ చదవలేదనుకున్నాను. చదివి, జవాబు నాకు ఇవ్వకుండా కూలివాళ్లకు ఇచ్చారు. ఆ ఇద్దరి విషయంలో తప్పు నాది కూడా అని ఆమెతో అన్నాను. దిగేముందు ఆమె తన పేరు, ఊరు ఎక్కడా రాయొద్దంది. రాయలేదు.

ఐదున్నరకు తిరుమణి. దిగి గోనెసంచి భుజాన వేసుకున్నాక కూడా ఆ నీళ్ల రుచి నోట్లోనే ఉంది. మూడు అర్జీల్లోనూ నేను అడిగింది ఒక్కటే, ఆ నీళ్లు ఆపమని. ఆపి ఉంటే నా డైనమో బతికేది, నేను కొన్న నీళ్లు మోస్తూనే ఉండేవాణ్ణి. కొన్న నీళ్లను జీపులో పెట్టుకుని అంతకంటే మంచి నీళ్ల ముందు నుంచి ఇన్నాళ్లూ దాటాను. అవి ప్లేటు మీద పడకముందే ఒక గొట్టం వేసి హట్టికి మళ్లిస్తే, నా జీపుతో పనే లేదు. ఈ అరవై ఐదు ఆంప్స్ డైనమో ఊరికే పడి ఉన్నా నాకు బాధ లేదు.

అన్నట్టు, మ్యూజియం మాట నేను మరిచిపోలేదు. టీ గ్లాసునూ మరిచిపోలేదు. అవి పక్కన ఉంచుతాను.

శుక్రవారం తెల్లవారగానే డైనమో, దాని కింద రేకు బిగించాను. ఎర్రలైటు ఆరింది. ట్యాంకు నింపి అక్క ఇంటికి పోయాను. తిరిగి వస్తూ నాలుగో అర్జీ ఇచ్చాను, మట్టి పొట్లం దానికే కుట్టి. అందులో ఒకే ప్రశ్న ఉంది. ప్లేటుకు మచ్చ పడకూడదని బోరు నీళ్లు వద్దన్నవారు ఎవరో ఒకరు ఉంటారు. కంచె అవతలి పిల్లల పళ్లను కూడా ఆయన ఒకసారి వచ్చి చూడాలి. హట్టికి గొట్టం వేస్తారా, వేయరా? మేస్త్రీతో కూలివాళ్లకు చెప్పించడం కాదు. సంతకం పెట్టి నాకు జవాబు రాయాలి.